వరసలో లేని జత

సూర్యాపేట,
నవంబరు 24, ఆదివారం.

ప్రియమైన సుధకు,

ఆ విశేషణం మీద నాకింకా హక్కుందో లేదో తేల్చవలసింది నువ్వు. తేలేదాకా వాడుకుంటాను. నా ఫోన్ నంబరును బ్లాక్ చేశావు. మన పరుగు బృందం వాట్సాప్ గ్రూపులోంచి ఒక్క ముక్క చెప్పకుండా వెళ్ళిపోయావు. మనుషులను బ్లాక్ చేసే సౌకర్యం తపాలా శాఖకు ఇంకా రాలేదు కనుక ఈ ఉత్తరం.

నా మొదటి అభియోగం ఇది. నీకు సర్కారు బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందన్న సంగతి నేను ఉప్పలమ్మక్క నోట విన్నాను. మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చొని డిగ్రీ చదివినదాన్ని, ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం నీ పక్కన పరుగెత్తినదాన్ని, ఆ మాటను ఒక అంగన్‌వాడీ టీచరమ్మ ద్వారా తెలుసుకోవలసి వచ్చింది. "ఏందే అఖిలా, నీ జోడీకి తిరుమలగిరి కాడ తండాల బడి ఇచ్చిన్రంట. నీకు ఎర్కలేదా?" అని ఆమె అడిగింది. "ఎందుకెర్క లేదక్కా, అందరికన్న ముందు నాకే చెప్పింది" అన్నాను. కాలేజీ చర్చావేదిక మీద కూడా నేను అంత నిస్సంకోచంగా అబద్ధమాడలేదు. నీ చిరునామా కూడా ఏదో సాకు చెప్పి ఆమె దగ్గరే రాబట్టాను.

రెండో అభియోగం నీ మౌనం మీద. దానికి కారణం నాకు తెలుసు. అక్టోబరు మూడో ఆదివారం, వేములపల్లికి వెళ్తున్న బస్సులో జరిగిన వాదం. మనవాళ్ళను వేగాన్నిబట్టి రెండు జట్లు చేసి, ఎవరెంత సేపట్లో వచ్చారో రాసుకోవాలని నేను ప్రతిపాదించాను. నువ్వు కిటికీ నుంచి ఇటు తిరిగి, "అఖిలా, నువ్ ఉరుకనీకి వస్తున్నవా, గెలువనీకి వస్తున్నవా?" అన్నావు. మనవాళ్ళంతా నవ్వారు. టికెట్లు కొడుతున్న కండక్టరమ్మ కూడా నవ్వింది. నేను నాలుగు కారణాలతో జవాబిచ్చాను, నువ్వు మారు మాట్లాడలేదు. ఓడినవాళ్ళు వేదిక దిగవచ్చు, నాకు అభ్యంతరం లేదు. స్నేహంలోంచి దిగిపోవడానికి మాత్రం ఏ నియమావళీ ఒప్పుకోదు.

ఇక వార్తలు. ఈరోజు నాలుగో ఆదివారం కదా, ఎవరి ఊళ్ళో వాళ్ళు పరుగెత్తే రోజు. సూర్యాపేటలో మేము ఐదుగురం తేలాం. వేసవిలో ఇరవై మందిమి ఉండేవాళ్ళం. ఆడవాళ్ళకు బస్సులో డబ్బులు లేని జీరో టికెట్ వచ్చాక ఊపు ఎంత పెరిగిందో గుర్తుందా? మొదటి ఆదివారం ఇక్కడ, రెండోది కోదాడ, మూడోది మిర్యాలగూడ వైపు అని మూడు ఊళ్ళను ఒక దారానికి గుచ్చాం. ఇప్పుడు చలి అని ఒకరు, పెళ్ళిళ్ళు అని ఒకరు తప్పుకుంటున్నారు. ఐదుగురిలో ముగ్గురు నడిచారు. ఉప్పలమ్మక్క చీర కుచ్చిళ్ళు ఎగదోపుకొని రెండు కిలోమీటర్లు పరుగెత్తి, "ఇగ సాలు బిడ్డా, నా పానం ఇంటికాడ ఇడ్లీల మీదికి వోయింది" అని కూర్చుంది. ఐదు కిలోమీటర్లు పూర్తిచేసినదాన్ని నేనొక్కదాన్నే.

ఇంత తగ్గినా మన లెక్క మాత్రం తప్పలేదు. బృందానికి నేనిచ్చిన ఒకే ఒక్క మంచి పద్ధతిని "నీ చెప్పుల శాస్త్రం" అని నువ్వు వెక్కిరించేదానివి. ఆలోచించు. వచ్చినవాళ్ళు బూట్లు తొడుక్కొని తమ చెప్పులను చాయ్ బండి పక్కన వరసగా పెట్టి వెళ్తారు. తిరిగివచ్చినవాళ్ళు ఎవరి జత వాళ్ళు తీసుకుంటారు. వరసలో ఒక జత మిగిలిందంటే దారిలో ఒక మనిషి మిగిలినట్టు. పేర్లు పిలిచే పని లేదు, పుస్తకం రాసే పని లేదు. ఏడాదిన్నరలో మనం ఒక్కరినైనా వదిలిపెట్టి బస్సెక్కామా?

జవాబు అడగడం నా హక్కు. ఇవ్వడం నీ బాధ్యత.

కోపంతోనూ, కోపానికి మించినదానితోనూ,
అఖిల


సూర్యాపేట,
డిసెంబరు 8, ఆదివారం.

ప్రియమైన సుధా,

రెండు వారాలు గడిచాయి. తిరుమలగిరి ఇక్కడికి గంటన్నర ప్రయాణం కూడా కాదు. ఉత్తరం పోయిందనుకోవడానికి నేనంత అమాయకురాలిని కాను.

ఈరోజు కోదాడలో పరుగు. మేము తొమ్మిది మందిమి. పెద్ద చెరువు కట్ట వైపు వెళ్ళి వచ్చాం. సాంసన్ సార్ పీఈటీగా రిటైరయి ఆరేళ్ళయినా ఆ ఈల మాత్రం మెడలోంచి తీయలేదు. నన్ను చూడగానే, "ఏంటమ్మా, నీ జంట ఏదీ? నువ్వొక్కదానివే వాదిస్తుంటే రెండో చెయ్యి లేని చప్పట్లలాగుంది" అన్నారు. ఉద్యోగంలో చేరిందని చెప్పాను. ఆయన సంతోషించారు. తరువాత బూటు లేసు కట్టుకుంటూ, "అక్టోబరులో వేములపల్లి పరుగు రోజు మేం కోదాడ వాళ్ళం ముందే వెళ్ళిపోయాం. సుధ మీ బస్సెక్కిందా అమ్మా? చివర్లో ఆ పిల్ల కనబడినట్టు గుర్తులేదు" అన్నారు.

"వరస ఖాళీ అయ్యాకే ఎక్కాం సార్. వాళ్ళ తండా అటువైపే కదా, ఇంటికి పోయి ఉంటుంది" అన్నాను.

ఆయన తలూపారు. మరి నువ్వు ఇంటికే వెళ్ళావు కదూ?

ఇంకొక మాట రాస్తాను. దీన్ని వాదంగా పరిగణించకు. పరుగులో నాకంటే వేగంగా వెళ్ళేవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళు నాకు అందరు. మిగిలినవాళ్ళు బాగా వెనుక ఉంటారు. నాలుగు కిలోమీటర్ల మేర నా అడుగుల చప్పుడు నాకే వినిపిస్తుంది. ఇదివరకు ఆ ఖాళీలో నువ్వుండేదానివి. నేను మాట్లాడుతూ పరుగెత్తేదాన్ని, నువ్వు ఊఁ కొడుతూ పరుగెత్తేదానివి. నాకు ఆయాసం ఎందుకు రాదో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు రెండో కిలోమీటరుకే వస్తోంది.

గదికి వచ్చాక మాట్లాడటానికి ఎవరూ ఉండరు. పేపరు తెరిచి సంపాదకీయంతో పోట్లాడుతున్నాను. అది ఎదురు చెప్పదు. నాకు గెలుపు రుచించని వాదం ఇదొక్కటే.

రెండు వాక్యాలు రాయి. తిట్టినా సరే.

నీ
అఖిల


తిరుమలగిరి,
డిసెంబరు 11.

అఖిలకు,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి మడిచి పెట్టాను. రెండోదానిలో అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు ఇవ్వాలి.

లేదు, నేను ఆ రోజు ఇంటికి వెళ్ళలేదు.

నేను సాగర్ కాలువ కట్ట మీద ఉన్నాను. కట్ట దిగే మలుపు దగ్గరికి వచ్చేసరికి సూర్యాపేట బస్సు కదులుతోంది. మీరంతా ఎక్కి ఉన్నారు. నేను అరవలేదు, పరుగెత్తనూ లేదు. చాయ్ బండి దగ్గరికి నడిచి వచ్చాను. ముత్తమ్మ గ్లాసులు కడుగుతోంది. "మీవోళ్ళు గిప్పుడే పోయిరి గద బిడ్డా. నిన్నెట్ల ఇడిసిపెట్టిన్రు?" అంది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, "నాకు ఈడ పనుంది" అన్నాను. ఆమె నమ్మలేదు. బల్ల తుడిచి కూర్చోమంది.

గంటన్నర కూర్చున్నాను. ఫోన్ బల్ల మీదే పెట్టుకున్నాను. రెండు సూర్యాపేట బస్సులు వచ్చి వెళ్ళాయి. ఎవరో ఒకరు చేస్తారనుకున్నాను. తొమ్మిదిన్నరకు ఎండ ముఖం మీదికి వచ్చింది, లేచి మూడో బస్సెక్కాను. సోమవారం చేయలేదు నువ్వు. మంగళవారం చేయలేదు. బుధవారం నేను తిరుమలగిరిలో చేరాను. గురువారం నీ ఫోన్ వచ్చింది. అప్పుడు బ్లాక్ చేశాను.

"ఏడాదిన్నరలో ఒక్కరినైనా వదిలిపెట్టామా?" అని అడిగావు. ఒక్కరిని వదిలిపెట్టారు.

బడిలో పద్నాలుగు మంది పిల్లలు. అందరూ మా లంబాడీ మాటే మాట్లాడతారు. జీవితంలో మొదటిసారి, మనసులో అనుకున్నదాన్ని మరొక భాషలోకి మార్చకుండా పాఠం చెబుతున్నాను. బాగుంది. సాయంత్రం వాళ్ళు వెళ్ళిపోయాక మాత్రం చాలా నిశ్శబ్దంగా ఉంటుంది.

సుధ


సూర్యాపేట,
డిసెంబరు 15, ఆదివారం.

ప్రియమైన సుధా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి సగం రోజు ఏమీ తినలేదు. అది నీకు తెలియాలి. దాని తరువాత రాసేది కూడా తెలియాలి.

ఈరోజు మూడో ఆదివారం. మళ్ళీ వేములపల్లిలోనే పరుగు పెట్టించాను. నీ వాంగ్మూలాన్ని పరీక్షించడానికే పెట్టించాను. చెప్పుల వరస ఖాళీ కాకుండా నేను ఎవరినీ బస్సెక్కనివ్వనని నీకు తెలుసు. నువ్వు కట్ట మీద ఉండగా వరస ఖాళీ ఎలా అయింది? ఎవరైనా పొరపాటున నీ జతను వేసుకెళ్ళారా? ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాను. రైసు మిల్లులో హమాలీ పని చేసే మైసయ్య పెద్దనాయన చిరాకు పడ్డాడు. "ఏం వకీలమ్మా, మేము ఉరుకనీకి వచ్చినమా, సాచ్చం జెప్పనీకి వచ్చినమా? నా కాళ్ళు సూడు, ఆ పిల్ల చెప్పుల నా బొటనేలు గూడ పట్టది" అన్నాడు.

చివరికి ముత్తమ్మను అడిగాను. ఆమె చాయ్ వడపోస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఎవలు దీస్తరు? ఆ పిల్లనే దీసుకున్నది. మీరందరు ఉరికినంక, ఎనకకొచ్చి, వరసలకెల్లి తన చెప్పులు దీసి ఈపు మీది సంచిల ఏసుకొని, పైలంగ నడుసుకుంట పోయింది. నేను అనుకున్న, బూట్లు కరుస్తున్నయేమో అని."

నువ్వే తీసుకున్నావు సుధా.

నా లెక్క తప్పలేదు. నేను తప్పలేదు. లెక్కకు ఆధారమైన ఒకే ఒక్క సాక్ష్యాన్ని నువ్వు సంచిలో దాచుకొని, తరువాత లెక్క తప్పిందని గంటన్నర కూర్చున్నావు. ఏ న్యాయస్థానమైనా దీన్ని ఏమంటుందో నీకు చెప్పనక్కరలేదు. రెండు నెలలుగా నేను ముద్దాయిలాగా పరుగెత్తుతున్నాను. కట్ట మీద ఆ మలుపు దగ్గర ఈరోజు పది నిమిషాలు నిలబడి ఏడ్చాను, నిన్ను అక్కడ వదిలేశానని. ఆ తరువాత ముత్తమ్మ ఈ మాట చెప్పింది.

ఎందుకు చేశావు? నా పద్ధతిని బద్దలు కొట్టి నవ్వడానికా? నన్ను నలుగురిలో తప్పుచేసినదానిగా నిలబెట్టడానికా? నాకు వేరే కారణం తోచడం లేదు. ఉంటే చెప్పు.

నిరూపించిన తరువాత కూడా ఏ సంతోషమూ లేని,
అఖిల


తిరుమలగిరి,
డిసెంబరు 27.

ప్రియమైన అఖిలా,

అవును, నేనే తీసుకున్నాను. ముత్తమ్మ మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

కారణం చెబుతాను. ఉత్తరంలో నువ్వు మధ్యలో అడ్డు తగలలేవు కనుక ఇప్పుడు తీరికగా రాస్తున్నాను.

అక్టోబరు మొదటి ఆదివారం సూర్యాపేటలో నాకు జ్వరం. చెప్పలేదు, అందరికంటే చివర వచ్చాను. మీరంతా చాయ్ బండి చుట్టూ నిలబడి ఉన్నారు, నువ్వేదో చెబుతున్నావు. నేను మీ వెనకే వచ్చి నిలబడ్డాను. ఎవరో వరస చూసి, "ఇంగొక జత ఉన్నది" అన్నారు. "ఎవలది?" "నీలం పట్టీలది." "వస్తది తియ్యి." నువ్వూ చూశావు. చెప్పులను చూసి మళ్ళీ నీ మాటలోకి వెళ్ళిపోయావు. నేను నీకు మూరెడు దూరంలో ఉన్నాను, అఖిలా. నేను వచ్చానని మీకు నా జత వరసలోంచి తీశాకే తెలిసింది.

ఆ రోజు నుంచి ఒక ఆలోచన పట్టుకుంది. ఆ జత లేకపోతే నేను లేనని ఎవరికైనా తెలుస్తుందా?

రెండు వారాల తరువాత, శుక్రవారం నాకు నియామక పత్రం వచ్చింది, మర్నాడు ఇంటికి తీసుకెళ్ళి చూపించి వచ్చాను. మా నాయన బాల్యా దాన్ని చదవలేడు. చేతిలో పట్టుకొని తండా అంతా తిరిగాడు. మా అమ్మ సాలి నా కాళ్ళు చూసి, "ఉరికీ ఉరికీ నౌకరి దాక వోయినయ్ తీయ్" అని నవ్వింది. బుధవారమే చేరాలి. అంటే వేములపల్లి నా చివరి ఆదివారం. నీకు ఎలా చెప్పాలా అని బస్సెక్కినప్పటి నుంచి మాటలు పేర్చుకున్నాను. నువ్వు జట్లు, సమయాలు, పట్టికలు అంటున్నావు. నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. దానికి నువ్వు నాలుగు కారణాలు చెప్పావు. నాకు ఒక్కటీ గుర్తులేదు.

పరుగు మొదలైనప్పుడు వెనక్కి వచ్చి చెప్పులు తీసుకున్నాను. కావాలనే నడిచాను. కావాలనే అందరికంటే వెనక ఉన్నాను. వరస ఖాళీగా ఉన్నా, ఒక్కరైనా తల ఎత్తి, 'ఏయ్, సుధ ఏది?' అంటారేమోనని. అంటే అప్పుడు ఆ ఒక్కరికి ఉద్యోగం సంగతి చెబుదామని.

ఎవరూ అనలేదు.

ఈ రెండు నెలల్లో నేను దాన్ని చాలా రకాలుగా ఆలోచించాను. బడిలో సాయంత్రం తాళం వేసి రోడ్డు మీద ఒంటరిగా పరుగెత్తేటప్పుడు ఆలోచించాను. చివరికి ఇలా తేల్చుకున్నాను. నేను పెట్టిన పరీక్ష అన్యాయమైనది. పరీక్ష ఉన్నదని ఎవరికీ చెప్పలేదు. బస్సు హారన్ కొడుతున్నప్పుడు, వరస ఖాళీగా కనబడుతున్నప్పుడు, ఎవరికి తోస్తుంది? నేను లేనని నీకు తెలియలేదు. తెలియకపోవడం నేరం కాదు. తెలిసీ వెళ్ళిపోయి ఉంటే నాకు నిన్ను చూడబుద్ధయ్యేది కాదు. తెలియక వెళ్ళావు కనుక నాకు ఇప్పుడు కోపం లేదు. నిజంగా లేదు.

నీ నంబరును మళ్ళీ తెరిచాను. ఫోన్ మాత్రం చేయకు, నాకు ఈ ఉత్తరాలే బాగున్నాయి. కొత్త సంవత్సరంలో మొదటి ఆదివారం రా. పొద్దున ఆరుంబావుకు నాతో పాటు నలుగురు పిల్లలు రోడ్డెక్కుతున్నారు. బూట్లు లేవు, అయినా నన్ను దాటిపోతున్నారు. వాళ్ళతో నువ్వు వాదించలేవు. వాళ్ళకు తెలుగు సరిగ్గా రాదు.

ఎదురుచూస్తూ,
నీ సుధ


సూర్యాపేట,
జనవరి 2, గురువారం.

ప్రియమైన సుధా,

నీ ఉత్తరాన్ని మంగళవారం నుంచి జేబులో పెట్టుకొని తిరుగుతున్నాను. నిన్న తిరుమలగిరి బస్సు వేళలు కనుక్కున్నాను. ఆదివారం మొదటి బస్సుకు రావాలని, నీకు చెప్పకుండా వచ్చి నిలబడాలని అనుకున్నాను. సంచి కూడా సర్దుకున్నాను. ఇప్పుడు ఆ సంచి విప్పి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు నన్ను క్షమించిన కారణం నిజం కాదు.

వేములపల్లిలో వరస ఖాళీ అయినప్పుడు నేను వరసను చూడటానికి ముందే మనుషులను చూశాను. నువ్వు లేవు. ఉప్పలమ్మక్క పక్కన లేవు, ముత్తమ్మ బల్ల దగ్గర లేవు. నేను కట్ట వైపు తల తిప్పాను. నీ పసుపు చున్నీ కనబడింది. తూము దాటి వస్తున్నావు, మెల్లగా, తల వంచుకొని. మహా అయితే పది నిమిషాల దూరం. బస్సు హారన్ కొట్టింది. డ్రైవరుకు ఒక్క మాట చెబితే ఆగేవాడు. ప్రతిసారీ ఆగలేదా?

నేను వరస వైపు చూపించి, "అందరు వచ్చిన్రు, ఎక్కుండ్రి" అన్నాను.

వరస ఖాళీగా ఎలా ఉందో నాకప్పుడు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. అది నాకొక సాకు ఇచ్చింది, తీసుకున్నాను. బస్సులో నువ్వడిగిన ప్రశ్నకు అందరూ నవ్విన నవ్వు నా చెవుల్లో ఇంకా మోగుతోంది. నువ్వు నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. నా నాలుగు కారణాలు నీకు గుర్తులేవన్నావు. వాటిలో ఒక్కటైనా కారణం కాదు కనుక గుర్తుండవు. గెలవడానికే వస్తున్నానని ఒక్క ముక్కలో నువ్వు చెప్పేశావు. దానికి శిక్షగా నిన్ను పది నిమిషాల దూరంలో వదిలేశాను. మూడు రోజులు ఫోన్ చేయకపోవడం కూడా అందులో భాగమే. నువ్వే ముందు చేస్తావని చూశాను.

సాంసన్ సార్‌తో అబద్ధం చెప్పాను. "ఇంటికే వెళ్ళావు కదూ" అని నిన్ను అడిగినప్పుడు, అవునంటావేమోనని ఆశపడి అడిగాను. ముత్తమ్మ మాట విన్నాక విజయగర్వంతో రాసిన ఉత్తరం అన్నిటికంటే సిగ్గుచేటైనది. నీ తప్పు దొరికింది కనుక నాది మాసిపోయిందనుకున్నాను.

నువ్వు పెట్టిన పరీక్షలో ఎవరూ నెగ్గలేదని రాశావు. ఒకరు నీ ముఖం కోసం వెతికారు సుధా. వెతికి, చూసి, వెళ్ళిపోయారు. ఇది నీకు మేలో కీడో నాకు తెలియదు. ఈ విషయంలో నా దగ్గర వాదం లేదు.

తెలిసి వెళ్ళిపోయి ఉంటే చూడబుద్ధయ్యేది కాదన్నావు. అది నీ మాట, దాని మీద నేను అప్పీలు చేయను. ఈ ఆదివారం రావడం లేదు. ఇది చదివాక కూడా రమ్మంటేనే వస్తాను. రమ్మనకపోయినా నీ పిల్లలకు బూట్ల కొలతలు మాత్రం ఉప్పలమ్మక్కకు పంపు, నా పేరు వాళ్ళకు చెప్పనక్కరలేదు.

ఆ రోజుది ఒక్కటి మిగిలింది. ఎవరికీ చెప్పలేదు. తిరుగు బస్సులో నేను ఇద్దరు కూర్చునే సీటులో కిటికీ పక్కన కూర్చున్నాను. మిర్యాలగూడలో కూరగాయలు అమ్ముకొని వస్తున్న ముసలామె ఒకామె, ఖాళీ గంప పట్టుకొని నిలబడి ఉంది. నా పక్క చోటు చూసి, "ఈడ ఎవలన్న ఉన్నరా బిడ్డా?" అని అడిగింది.

"ఉన్నరు" అన్నాను.

సూర్యాపేట దాకా ఆమె నిలబడే వచ్చింది.

అఖిల